మణికట్టు దాకా

తాండూరు,
ఏప్రిల్ 15, 1958

కొండ మీది నా చిన్నమ్మకు,

నువ్వు ఎలా ఉన్నావని అడగడం మానేశాను. అడిగితే "మంచిగున్న" అనే రాయిస్తావు. పద్మమ్మగారూ, ఆసుపత్రిలో ఈ ఉత్తరం మా చిన్నమ్మకు చదివి వినిపించేది మీరే కాబట్టి మీకొక మనవి. పక్క మంచాలవాళ్లు నిద్రపోయే మధ్యాహ్నం వేళ, గొంతు తగ్గించి చదవండి. ఇందులో నా సిగ్గు ఉంది.

చిన్నమ్మా, మొన్న ఆదివారం నన్ను చూసుకోవడానికి కుల్కచర్ల వాళ్లు వచ్చారు. అబ్బాయి పేరు సుధాకర్. హైదరాబాదులో గుమాస్తా పని. "మీ మరదలు కనవడుతలేదు" అని వాళ్లు అడిగితే నాయిన "అత్తగారింటికి పోయింది" అన్నాడు. నీ ఊపిరితిత్తుల జబ్బు సంగతి తెలిస్తే సంబంధం నిలవదని ఆయన భయం. నేను తలవంచుకుని విన్నాను. నువ్వు విధవవై మా ఇంటికి వచ్చాక నీ అత్తగారిల్లు ఒక్కసారైనా నీ మంచి చెడ్డ అడిగిందా.

ఆ రోజు నేను నువ్వు కుట్టిన నేరేడు రంగు రవిక తొడుక్కున్నాను. మెడ దాకా గుండీలు, మణికట్టు దాకా చేతులు, మణికట్టు దగ్గర ఆ బూడిదరంగు పట్టీ. మన నాపరాయి వానకు తడిసినప్పుడు వచ్చే రంగు. ఆ రంగు గుడ్డ కోసం మనం బజారంతా తిరిగిన రోజు నాకు బాగా గుర్తు. "గీ బూడిద రంగు ఎవలు కొంటరమ్మా, బస్తా కుట్టుకుంటరా" అన్నాడు దుకాణం జంగప్ప. "నీ దుకాణంల మంచి గుడ్డ గిదొక్కటే, మా బిడ్డ ఏరుకున్నది" అన్నావు నువ్వు. నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు. పట్టీ రంగు మాత్రం ఎవరిది వాళ్లే ఏరుకోవాలని నీ నియమం. అమ్మది నీలం. నీది ఎరుపు. విధవకు రంగేమిటంటారని నువ్వు దాన్ని లోపలివైపు కుట్టుకునేదానివి. అది నాకొక్కదానికే తెలుసు.

వికారాబాద్ కాన్వెంటు బడిలో ఈ పొడుగు చేతులు చూసి పిల్లలు నన్ను "మదర్" అని ఏడిపించేవారు. "చలి పెడుతోందా మదర్" అనేవారు మే నెలలో. నాకు కోపం రాలేదు. ఆ రవిక చేతుల్లో నా చేతులు నావిగా ఉండేవి. నేను మాట్లాడలేని చోట అవి నా బదులు నిలబడేవి. పుస్తకం పట్టుకున్నప్పుడు కాగితం పక్కన ఆ బూడిదరంగు పట్టీ కనిపిస్తే ఇది నేను అనిపించేది. ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు.

మగవాళ్లు వసారాలో కూర్చున్నారు. నన్ను లోపలి అర్రలోకి తీసుకుపోయారు. అక్కడ అబ్బాయి మేనత్త ఇంద్రమ్మగారు, ఇంకా ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఇంద్రమ్మగారు నవ్వు మొహం మనిషి. నా పక్కనే కూర్చుని రవిక చెయ్యి పట్టుకుని కుట్టు చూసింది.

"గింత సన్నగ ఎవలు కుట్టిన్రు?"

"మా చిన్నమ్మ."

"మస్తుగ కుట్టింది. గని గింత ఎండల గీ పొడుగు చేతులేంది బిడ్డా? సిస్టర్ల తాన ఉండి ఉండి నువ్వు గూడ సిస్టర్వయితవా ఏంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"జర చేతులు పైకి మడువు" అంది. గాజుల కొలత కోసమేమో అనుకుని గుండీ విప్పి కొంచెం మడిచాను. "ఇంకా పైకి" అంది. నువ్వు కుట్టిన చేతులు సన్నం కదా, మోచేయి దాటవు.

"అయితే తీసెయ్ బిడ్డా. అందరం ఆడోళ్లమే. పోయినేడు మా తమ్ముని కొడుక్కు ఒక పిల్లను తెచ్చినం. చందమామ తీరుండె. పెండ్లయినంక చూస్తే భుజం నిండ బొల్లి. అప్పటిసంది నేను చూడంది మాటియ్య."

తలుపు మూశారు. వద్దనలేక గుండీలు విప్పి రవిక తీశాను. ఆమె నన్ను కిటికీ దగ్గరికి నడిపించి చేయి ఎత్తించి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. గుడ్డ కొనేముందు చిల్లు ఉందేమోనని చూసినట్టు చూసింది. చంకలో చూసింది. వీపు చూసింది. తర్వాత తలుపు కొంచెం తెరిచి వసారాలోకి కేకేసింది. "మచ్చ లేదు. పిల్ల సాఫ్ ఉన్నది."

బయట ఎవరో నవ్వారు. ఆ అబ్బాయీ అక్కడే ఉన్నాడు. నేను గుండీలు తప్పుగా పెట్టుకుని, ఒకటి మిగిలిపోతే మళ్లీ అన్నీ విప్పి పెట్టుకున్నాను. నా నుదుట బొట్టు పెట్టి వెళ్లిపోయారు. సాయంత్రానికి పిల్ల నచ్చిందని కబురొచ్చింది.

నువ్వు కూడా తలంటు పోసే రోజు నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చేతులు ఎత్తించి, నూనె రాసేదానివి. వేళ్ల సందుల నుంచి భుజం దాకా, ఎంత నెమ్మదిగా రాసేదానివో. అప్పుడూ నా ఒంటి మీద గుడ్డ ఉండేది కాదు, అయినా సిగ్గు తెలియలేదు. ఒకే కిటికీ చిన్నమ్మా. ఒకే వెలుగు. ఇంత తేడా ఎలా వచ్చింది.

రెండు రోజులుగా అమ్మ గుర్తొస్తున్నది. అమ్మ మొహం నాకు సరిగ్గా గుర్తు లేదు. చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసేది కదా, అప్పుడు రవిక అంచు తడిగా, చల్లగా తగిలేది. ఎప్పుడూ తడిగానే ఉండేది. ఆ తడి మాత్రం గుర్తుంది.

నాయినతో ఇంకా ఏమీ అనలేదు. నీకే ముందు రాశాను.

నీ
అరుణ

* * *

తాండూరు,
ఏప్రిల్ 22, 1958

చిన్నమ్మా,

నీ జవాబు రాలేదు. ఒంట్లో బాగుండక రాయించలేదని అనుకుంటున్నాను. ఈలోపు ఇక్కడ జరిగింది చెబుతాను.

ఈ సంబంధం నాకు వద్దని నాయినతో చెప్పాను. ఆయన నాపరాయి గని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టాడు.

"ఎందుకు?" అన్నాడు.

"వాళ్లు నన్ను చూసిన తీరు నాకు నచ్చలేదు."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సులువయ్యేది. మంచం మీద కూర్చుని చాలాసేపు తువ్వాలతో పాదాలు తుడుచుకున్నాడు. "చూడు బిడ్డా. చూపియ్యకముందు వద్దంటే అది ఒక మాట. చూపిచ్చినవ్. వాళ్లు మంచిదన్నరు. ఇప్పుడు ఇది ఆగిపోయిందనుకో, ఏమంటరు? లోపల ఏదో కనవడ్డది, అందుకే ఆగిపోయింది అంటరు. వద్దన్నది మనమంటే ఎవడు నమ్ముతడు? ఇగ నీకు ఇంకో సంబంధం రాదు."

ఆయన చెప్పింది నిజమే. మన ఇంట్లో అంట్లు తోమే ఎంకమ్మ అప్పుడే అడిగింది. "చిన్న దొరసానీ, ఏం జూసిన్రంట నీకు? పాలోళ్లింట్ల అడిగిన్రు." ఏమీ చూడలేదు అన్నాను. "మరి ఏం లేకుంటే రవిక ఎందుకు తీయించిన్రు" అంది. ఆమె మాటలో చెడు లేదు. బాయి నీళ్లు తోడినంత మామూలుగా అడిగింది.

నా పరిస్థితి ఇది. ఒప్పుకుంటే, నన్ను చిల్లు కోసం వెతికిన ఇంట్లో బతకాలి. ఆ కేక విన్న మనిషి పక్కన బతకాలి. ఒప్పుకోకపోతే నా ఒంటి మీద లేని మచ్చను బతికినన్నాళ్లూ మోయాలి.

నిన్న దర్జీ ఎల్లప్పను పిలిపించి పెళ్లికి రవికలు కుట్టమన్నాడు నాయిన. చేతులు మోచేతి పైకే ఉండాలట. "ఇగ ఆ పొడుగు చేతులు వద్దు. నలుగురి నోట్ల పడ్డది చాలు" అన్నాడు. ఎల్లప్ప టేపు నా చేతికి చుట్టకుండా గాలిలో పట్టుకుని కొలత తీసుకున్నాడు. అతనికి కూడా ఏదో తెలిసినట్టుంది.

చిన్నమ్మా, నేను ఈ పొడుగు చేతులను దాచుకోవడానికి తొడుక్కోలేదు. దాచుకోవడానికి నా దగ్గర ఏముంది. నాకు ఇష్టమై తొడుక్కున్నాను. సిస్టర్లు చెప్పలేదు, నువ్వు బలవంతపెట్టలేదు. వెనకటి రోజుల్లో మన ఇళ్ల ఆడవాళ్లు పరదా కట్టిన బండిలో పోయేవారని నువ్వు చెప్పేదానివి. అది ఇంకొకరు వేసిన పరదా. నా రవిక నేను ఏరుకున్నది, పట్టీ రంగుతో సహా. మంచిగా కప్పుకున్న ఆడపిల్లను చూస్తే ఇది ఆమె ఇష్టమని ఎందుకు అనుకోరు? లోపల ఏదో ఉందనే ఎందుకు అనుకుంటారు?

నువ్వొక్క పని చెయ్యి. నాయిన నీ మాట వింటాడు. అమ్మ పోయాక ఈ ఇంట్లో ఆయన విన్నది నీ మాటే. ఆయనకొక ఉత్తరం రాయించు. ఈ చేతులు మన ఇంటి ఇష్టమనీ, మనం ఎప్పుడూ ఏదీ దాచలేదనీ రాయించు. అమ్మ మీద ఒట్టు పెట్టి రాయించు. ఆ కాగితం చేతిలో ఉంటే నేను ధైర్యంగా వద్దంటాను. ఊరు ఏమన్నా పడతాను. జూన్‌లో కాన్వెంటులో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే పని ఇస్తామన్నారు. అక్కడి నుంచి నీ కొండ ఎంత దూరం. నాయిన వద్దన్నా ప్రతి ఆదివారం వస్తాను.

ఎదురు చూస్తూ,
అరుణ

* * *

అనంతగిరి,
మే 3, 1958

బిడ్డా అరుణా,

పద్మమ్మ రాస్తున్నది, నేను చెప్తున్న. దగ్గొస్తె ఆగుతున్న. నీ రెండు ఉత్తరాలు విన్న. మొదటిదానికే జవాబు చెప్దామని కూసున్న గని పద్మమ్మను రేపు రాయమని పంపిచ్చిన.

నువ్వు ఒట్టేసి రాయిమన్నవు. మీ అమ్మ మీద ఒట్టేసి నేను అబద్ధమాడలేను. గందుకే గీ ఉత్తరం మీ నాయినకు గాదు, నీకు.

మీ అమ్మకు బొల్లి ఉండె బిడ్డా. నువ్వు పుట్టినంక వచ్చింది. ముందుగాల మణికట్టు మీద బియ్యపు గింజంత. సున్నం అంటిందేమోనని కడుక్కున్నది. అది పోలే. పెరుగుకుంట పెరుగుకుంట మోచేయి దాటింది. మీ నాయిన అక్కను పుట్టింటికి పంపలే, ఇంకోదాన్ని తెచ్చుకోలే. గా మాట ఒప్పుకోవాలె. గని "బయటికి తెల్వద్దు" అన్నడు. గంతే అన్నడు. అక్క గా మాటను బతుకంత పట్టుకున్నది.

నేనొచ్చి పొడుగు చేతుల రవిక కుట్టిన. ఒక్కతే తొడుక్కుంటె అడుగుతరని నేను గూడ కుట్టుకున్న. నీకు ఆరేండ్లు రాంగనె నీకూ కుట్టిన. ముగ్గురం తొడుక్కుంటె గది మన ఇంటి తీరు అయితది, ఎవ్వరు అడగరు. గా పట్టీలు ఎందుకు పెట్టిననో తెలుసా? చూసెటోళ్ల కన్ను పట్టీ మీద పడాలె, చెయ్యి మీద పడొద్దని. నువ్వు రంగు ఏరుకుంటుంటే నాకు సంబరమయ్యేది. నిజం చెప్తున్న, దొంగ సంబరం కాదది.

అక్క అంట్లు తోమినా, బట్టలు పిండినా చేతులు మడువలే. ఎంకమ్మ ముందట మడువదు, నీ ముందట మడువదు. నీకు తడి గుర్తున్నదన్నవు. నాకు ఏడుపొచ్చింది.

అక్క పోయిననాడు ఊరి ఆడోళ్లు స్నానం చేపియ్యనీకె వచ్చిన్రు. నేను తలుపు గొళ్లెం పెట్టుకున్న. నా అక్కకు నేనే పోసుకుంట అని ఒక్కదాన్నే పోసిన. ఒక్కదాన్నే పొడుగు చేతుల రవిక తొడిగి గుండీలు పెట్టిన. పిచ్చిది అన్నరు. అననియ్యి అనుకున్న.

ఇగ ఇంకోటి. ఇది చెప్పకుంటె నేను పోయినా నాకు నిమ్మలముండదు. కిటికీ కాడ నీకు నూనె రాసేదాన్ని అన్నవు. ఇంద్రమ్మకు నాకు తేడా ఏందని అడిగినవు. బిడ్డా, నేను గూడ చూస్తుంటి. తలంటినప్పుడల్లా వేళ్ల సందుల కాడి నుంచి చూసుకుంట వస్తుంటి. ఏం కనవడకపోతె గారోజు నీకు బెల్లం పెడుతుంటి.

ఇదంత ఇప్పుడెందుకు చెప్తున్ననంటె, ఈడ నా పక్క మంచంల బుగ్గమ్మ అని ఉన్నది. గొల్లోళ్ల మనిషి, బషీరాబాద్ దిక్కు. ఆమెకు రెండు చేతులు తెల్లగున్నయి, మెడ దాక. సూదులకని ఈడ అందరికి పొట్టి చేతుల అంగీలే ఇస్తరు. ఆమె పొద్దుగాల ఎండల కూసోని గా చేతులు చాపుకోని మేకల కతలు చెప్తది. "ఇదేందే" అని ఎవరన్న అడిగితె "సగం తెల్ల దొరసాన్ని" అని నవ్వుతది. నేను దినాము చూస్తున్న. అక్కకు గీ ఎండ దొరకలే.

నీ మొగడు ఎవడయితడో, అసలు అయితడో కాడో నేను చెప్పలేను. వద్దంటె వద్దను. గని నేనేం దాయలే అని మాత్రం అనకు. నువ్వు దాయలే. నీ రవిక దాసింది.

మీ చిన్నమ్మ

(చెప్పింది చెప్పినట్టే రాశాను. మధ్యలో ఆమె వద్దని ఏదీ కొట్టేయించలేదు. పద్మమ్మ)

* * *

తాండూరు,
మే 29, 1958

చిన్నమ్మా,

ఇన్ని రోజులు రాయనందుకు నామీద నీకు బెంగ పట్టి ఉంటుంది. నీ మీద కోపంతోనే రాయలేదు. దాన్ని దాచను.

నీ ఉత్తరం చదివాక నా రవికలన్నీ మంచం మీద వేసి చూశాను. అంతకుముందు అవి నా ముఖంలాగా ఉండేవి. ఆ రోజు కట్టు గుడ్డల్లాగా కనిపించాయి. అన్నిటికన్నా బెల్లం సంగతి నన్ను చంపింది. ఆ ముక్క కోసం నేను తలంటు రోజు ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. నన్ను ముద్దుచేసిన ఒక్క చోటూ పరీక్షే అయింది.

అప్పటి నుంచి పొద్దున లేవగానే నేనే కిటికీ దగ్గర నిలబడి చేతులు తిప్పి చూసుకుంటున్నాను. ఇంద్రమ్మగారు ఒక్కసారే చూసింది. నువ్వు తలంటు రోజున చూశావు. నేను ప్రతిరోజూ చూస్తున్నాను.

నాయినను అడిగాను. అమ్మ చెయ్యి సంగతి నాకు తెలిసిందని చెప్పాను. ఆయన లేచి వెళ్లిపోతాడనుకున్నాను. కూర్చున్నాడు. "దాసుమన్నది నేనే" అన్నాడు. మళ్లీ అన్నాడు. "ఇంట్ల మేమిద్దరమే ఉన్నప్పుడన్న చేతులు మడుసుకో, నాకేం గాదు అని ఒక్కమాట అనకపోతిని. అంటే మడుసుకునేదేమో." అమ్మ పోయిన రోజు కూడా నేను ఆయన ఏడవడం చూడలేదు, ఇప్పుడు చూశాను. ఆయన ముందు నిలబడటం నావల్ల కాలేదు. వంటింట్లోకి పోయాను.

ఆ తర్వాత ఇంద్రమ్మగారికి ఉత్తరం రాశాను. నాయినకు చూపించే పంపాను. "మీరు వెతికింది నా చేతి మీద లేదు. మా అమ్మ చేతి మీద ఉండేది. రేపు నాకూ రావచ్చు, రాకపోవచ్చు. మా చిన్నమ్మ అత్తగారింట్లో లేదు, అనంతగిరి ఆసుపత్రిలో ఉంది. ఇవి తెలిసి కూడా నన్ను చేసుకుంటామన్నా, నేను మాత్రం రాను. కాదన్నది నేనే." ఇంత పొడుగు మాట నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

బట్టల కోసం జంగప్ప దుకాణానికి వచ్చిన ఇంద్రమ్మగారు అతనితోనే జవాబు పంపింది. "పిల్ల నిజం చెప్పింది, మంచిది. మాకు వద్దు. ఆ కుట్టు కుట్టినామెకు మాత్రం నా దండాలని చెప్పు." జంగప్ప ఈ మాట మన గడప దగ్గర నిలబడి చెప్పి వెళ్లాడు.

ఇప్పుడు ఊరంతా తెలుసు. ఇక సంబంధాలు రావు. నాయిన ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఎల్లప్ప కుట్టిన పొట్టి చేతుల రవిక ఒక రోజు తొడుక్కున్నాను. బాయి దగ్గరికి పోయి వచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. అయినా నా చేతులు ఎవరివో అన్నట్టు ఉన్నాయి. మర్నాడు మళ్లీ నేరేడు రంగుదే తొడుక్కున్నాను. అద్దంలో చూసుకుంటే నేను కనిపించాను. అది దాచడానికి పుట్టిందని తెలిసి కూడా నాకు ఇష్టంగానే ఉంది. ఈ ఇష్టం నాదో, నువ్వు కుట్టి పెట్టిందో విప్పి చూడలేను. వదిలేశాను.

ఒకటి మాత్రం మార్చాను. మోచేయి దాకా చేతుల కుట్టు విప్పి, కొంచెం వెడల్పు చేసి మళ్లీ కుట్టుకున్నాను. నీ అంత సన్నగా రాలేదు. నిన్న ఎంకమ్మకు జ్వరం వచ్చి రాలేదు. పెరట్లో నేనే అంట్లు తోమాను. చేతులు మోచేతి పైకి మడిచి తోమాను. తోమాక తుడుచుకుని కిందికి దించి గుండీ పెట్టుకున్నాను. తర్వాత ఎంకమ్మ గుడిసెకు పోయి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. నా అంచు పొడిగా ఉంది. అమ్మది ఎందుకు తడిగా ఉండేదో అక్కడ కూర్చుని చాలాసేపు ఆలోచించాను.

చిన్నమ్మా, కోపం ఇంకా పూర్తిగా పోలేదు. కానీ అమ్మకు ఒక్కదానివే నీళ్లు పోశావే, గొళ్లెం పెట్టుకుని, ఆ గుండీలు ఒక్కొక్కటే పెట్టావే, దాని ముందు నా కోపం నిలవడం లేదు.

ఎల్లుండి కాన్వెంటుకు పోతున్నాను, పని జూన్‌లో మొదలు. ఆదివారం కొండకు వస్తాను. నాయిన కూడా వస్తానంటున్నాడు. నీ ఎర్ర పట్టీ రవిక పెట్టెలో కనిపించింది, తెస్తున్నాను. పట్టీని విప్పి బయటివైపు కుట్టాను. వద్దంటే మళ్లీ లోపలికి కుడతాను, చెప్పు.

నూనె సీసా కూడా తెస్తాను. బుగ్గమ్మ కూర్చునే ఎండలో నన్ను కూర్చోబెట్టి తల దువ్వు. నా చేతులు చూడాలనిపిస్తే చూడు. చూస్తున్నానని చెప్పి చూడు.

నీ బిడ్డ
అరుణ